జెల్లగాడి గొంతులో ముల్లు

జనవరి 22

బుట్టలో పండుగప్ప చేపలు నాగాయలంక చేరకముందే అమ్ముడైపోయాయి. అడుగున మిగిలిన రొయ్యలు తెచ్చి అత్తకిస్తే వంకాయలో వేసి వండింది. ఏడుకొండలు సముద్రం మీద వేటకి పోయాడు. మొగుడు లేని పూట అత్తాకోడళ్ళని అడిగేవాడెవడు, గిన్నె ఖాళీ చేశాం.

దారిలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లొకతి, "అక్కా, నీ బండికి హారన్ లేదా?" అని అడిగింది. హారన్ చెడిపోయి చాలా కాలమైంది. మా కుక్క జెల్లగాడుండగా హారన్ ఎందుకు? మా ఊరు ఏటిమొగలో నేను మోపెడ్ స్టార్ట్ చేయగానే వాడు ముందు పరుగు లంకించుకుంటాడు. చేపలు కొనే ఇళ్ళేవో కొనని ఇళ్ళేవో వాడికి తెలుసు. కొనే గుమ్మం ముందు ఆగి మొరిగి, తర్వాతి గుమ్మానికి పోతాడు. నేను చేరేసరికి ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉంటారు. మొదటి ఇల్లు నాంచారమ్మది. "కుక్క ముందు, నువ్వు వెనక. అసలు బేరం ఎవరిదే రాజకుమారీ?" అంటుంది రోజూ. రోజూ నవ్వుతాను.

వాడు నిన్నటి నుంచి దగ్గుతున్నాడు. మెడ చాచి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు ఖక్ ఖక్‌మంటున్నాడు. అత్త చూడగానే తేల్చేసింది.

"ముల్లే. చేపలోళ్ళ ఇంట్లో కుక్కకి ఇంకేం రోగం వస్తదే? అన్నం ముద్ద మింగించు."

ఉత్త అన్నం ముద్ద చేసి, నమలనీయకుండా మింగించాను. మా ఊళ్ళో ఎవరు దగ్గినా ముందు ముద్ద, ఆ తర్వాతే డాక్టరు.

జనవరి 26

ముద్దకి లొంగలేదు. అరటిపండు మింగించాం. పండు జారింది కానీ ముల్లు జారలేదు. పరిగె చేప ముల్లయి ఉంటుంది. సన్నంగా ఉండి కంటికి కనపడదు, మొండిది.

ఫిబ్రవరి 3

జెల్లగాడి తోక కింద మెతుకులు అంటుకుని ఉన్నాయి. "ఎంగిలి కంచంలో కూర్చున్నావా వెధవా" అని తిట్టి తుడిచాను. బిక్కమొహం వేశాడు. తిట్టినందుకు నాకే ఏదోలా అనిపించి, వేయించిన చేప తల పెట్టాను. ముల్లున్న గొంతుకి తల పెడతావా అని అత్త నన్ను తిట్టింది.

ఫిబ్రవరి 5

మళ్ళీ మెతుకులు.

ఫిబ్రవరి 8

ఏకాదశి. అత్త ఉపవాసం, నేను హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చుకున్నాను. ఇంట్లో పొయ్యే వెలిగించలేదు. అయినా వాడి తోక కింద మెతుకు ఉంది. ఏమిటిది అని వంగి చూస్తే ఆ మెతుకు ముడుచుకుని మళ్ళీ సాగింది.

నేను వేసిన కేకకి పక్కింటి వాళ్ళు కూడా వచ్చారు. వేట నుంచి వచ్చి పడుకున్న ఏడుకొండలు లేచొచ్చి, చూసి, ఆవులించాడు.

"పొట్టలో పురుగులే. ముక్కలు ముక్కలుగా బయటికి వస్తన్నాయి. దానికి ఇంత కేకా?"

"నేను మెతుకులనుకున్నాను మావా."

"ఎన్ని రోజుల్నించి అనుకుంటన్నావు?"

నేను తోక తుడిచే గుడ్డ వెతకబోయాను. తనే వెళ్ళి మందుల షాపులో కుక్కల పురుగు మాత్ర అడిగి తెచ్చాడు. బెల్లంలో పెట్టి వేశాం.

ఫిబ్రవరి 15

మెతుకులు పోయాయి. ఇప్పుడు ఏటిమొగలో కుక్కల రోగాలు తెలిసినదాన్ని నేనే. నాంచారమ్మ కుక్క వెనకభాగం నేల మీద ఈడ్చుకుంటుంటే, "తోకెత్తి చూడు" అని చెప్పాను. ఎత్తి చూసి నాకు దణ్ణం పెట్టింది.

దగ్గు మాత్రం ఉంది. పురుగులు పోయాక కూడా దగ్గుతున్నాడంటే అది ముల్లే. ఇంక అనుమానం లేదు.

ఫిబ్రవరి 21

పరుగెత్తుతూ పరుగెత్తుతూ కాలవ వంతెన మీద కూర్చుండిపోయాడు. ఎండకి.

ఫిబ్రవరి 24

మళ్ళీ కూర్చున్నాడు. పొద్దున్నే, మంచు కూడా విడవలేదు. ఈ ఏడు ఎండలు ముందే వచ్చేశాయి.

ఫిబ్రవరి 28

ఏడుకొండలు వాడి పక్కటెముకల మీద చెయ్యి వేసి నిమురుతూ, "ఎముకలు తగులుతన్నాయే. డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. ముల్లుకి డాక్టరెందుకని గయ్‌మన్నాను. ముల్లు దిగితే తిండి దిగుతుంది, తిండి దిగితే ఒళ్ళు వస్తుంది. ఇంత చిన్న విషయం మగాళ్ళకి అర్థం కాదు.

అన్నం తినకుండా పడుకున్నాడు. కుక్క సంగతి కాదు, ఏడుకొండలు.

మార్చి 4

నాంచారమ్మ ఇంటి ముందు మొరగబోయి పడిపోయాడు. కాళ్ళు చాపేశాడు. కాసేపటికి లేచాడు. చేపల బుట్ట ఆమె గుమ్మంలోనే దించేసి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో అవనిగడ్డ పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. మిగతాది రేపు రాస్తాను.

మార్చి 5

నిన్నటిది రాస్తున్నాను.

డాక్టరు మాధవి గారు. చిన్న వయసే, మాట నిదానం. ముల్లు గుచ్చుకుందండీ అని నేనే రోగం చెప్పేశాను. ఆవిడ నోరు తెరిచి లైటు వేసి చూశారు. ముల్లు లేదు. తర్వాత పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. పాలిపోయి ఉన్నాయి. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఎత్తకుండా ఒక్క చేప కొనను. ఇంట్లో కుక్క పెదవి ఎత్తి చూడాలని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ఎప్పటినుంచి దగ్గు, పరుగెత్తితే ఎక్కువా, మధ్యలో కూర్చుండిపోతాడా, చిక్కాడా అని అడిగారు. అన్నిటికీ అవునన్నాను. ముందు కాలి నుంచి రక్తం తీసి, చుక్క గాజు మీద వేసి మైక్రోస్కోపులో నన్నే చూడమన్నారు. రక్తం మధ్యలో సన్నటి దారపు పోగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవి పురుగు పిల్లలమ్మా. పెద్దవి గుండెలో, ఊపిరితిత్తుల నరాల్లో ఉంటాయి. సేమియాలాగా పొడుగ్గా ఉంటాయి. గుండెపురుగు అంటారు."

"పురుగు మాత్ర వేశాం కదండీ. మెతుకులన్నీ పడిపోయాయి."

"ఆ మాత్ర పేగుల్లో పురుగులకి. మెతుకుల్లా వచ్చేది వేరే పురుగు. ఒంటి మీద ఎగిరే చిన్న పురుగుల్ని కొరికి మింగితే వస్తుంది. ఇది గుండెలోది, దోమ కుడితే వస్తుంది. ఆ మాత్ర అక్కడ పని చెయ్యదు."

మా ఊళ్ళో దోమల సంగతి ఎవరికి చెప్పాలి. చుట్టూ ఉప్పునీళ్ళు, రొయ్యల చెరువులు. మేము దోమతెరలో పడుకుంటాం, వాడు బయట మాకు కాపలా.

నెల రోజులు మాత్రలు. నెలకోసారి ఆసుపత్రికి తెస్తే ఆవిడే కొలిచి మందు వేస్తారు, నా అంతట నేను వెయ్యకూడదు. పురుగులు మెల్లగా, చాలా నెలల్లో చస్తాయట. చచ్చినవి ముక్కలై ఊపిరితిత్తుల నరాల్లోకి కొట్టుకుపోతాయట.

"అప్పుడు గనక వీడు పరుగెత్తాడంటే అవి అడ్డం పడి ప్రాణం పోవచ్చు. అందుకని పరుగు వద్దు, గంతులు వద్దు, సంబరం కూడా వద్దు. కూర్చోబెట్టాలి. మందు కంటే అదే ముఖ్యం. పొట్టలోకి నీరు రాకముందే తెచ్చారు, అది నయం."

ముందే తెచ్చానట. నేను తల దించుకుని వాడి చెవులు సవరించాను.

మార్చి 7

తాడు కట్టాం. పుట్టి బుద్ధెరిగి తాడెరగడు. కట్టేటప్పుడు నా చెయ్యి నాకాడు.

పొద్దున మోపెడ్ స్టార్ట్ చేశాను. ఆ చప్పుడు వినగానే వాడు తాడు తెంచుకోబోయాడు. గెంతి గెంతి దగ్గి నోట్లో నురగ. ఇంజన్ ఆపేశాను. రేపు బండిని రోడ్డు దాకా నెట్టుకుపోయి అక్కడ స్టార్ట్ చేస్తాను.

మార్చి 8

రోడ్డు మీద చప్పుడు కూడా వినపడింది. అత్త వాణ్ణి కౌగిలించుకుని కూర్చుందట. "నువ్వు గడప దాటితే చాలు, వీడు చచ్చేట్టున్నాడే" అంది.

వాడికి నేనే జబ్బు.

మార్చి 10

ఆసుపత్రి గోడ పక్క ఇల్లు మా ఆండాళ్ టీచర్ గారిది. పదో తరగతిలో నాకు తెలుగు చెప్పారు. ఈ డైరీ రాసే అలవాటు అంటించింది ఆవిడే. ఆచారం గల వైష్ణవుల ఇల్లు, ఉల్లిపాయ కూడా గడప దాటదు. అలాంటి గుమ్మంలో చేపల కుక్కని పట్టుకుని నిలబడ్డాను. వీణ్ణి కొన్నాళ్ళు ఉంచుకోండని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే ఆవిడే అన్నారు.

"మాధవి చెప్పింది. పరుగులు పెట్టకూడదటగా. మా ఇంట్లో పరుగులు పెట్టేవాళ్ళెవరూ లేరు. తీసుకురా లోపలికి."

వాళ్ళాయన భాస్కరరావు మాస్టారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "పెరుగన్నం తింటాడా?" అని అడిగారు. తినడండీ అన్నాను. నా ముందే గిన్నె నాకి శుభ్రం చేశాడు. ఏమాత్రం మర్యాద లేదు వెధవకి.

మార్చి 13

నాకేం బెంగ లేదు. కుక్కే కదా.

మార్చి 14

నాకేం బెంగ లేదు.

మార్చి 16

నా తెలివికి నేనే మెచ్చుకుంటూ పొద్దున బయల్దేరాను. బండి తీయలేదు, బస్సెక్కాను. అంతకుముందు కుంకుడుకాయతో రెండు సార్లు తలంటుకున్నాను, ఒళ్ళంతా సున్నిపిండి, పెట్టె అడుగున కలరా ఉండల వాసనేసే పట్టుచీర. చేపల వాసన లేకపోతే నేనని తెలియదు, కిటికీలోంచి ఒకసారి చూసి వచ్చేద్దామని. బస్సులో ఎవరో పెళ్ళెక్కడ అని అడిగారు.

వీధి మలుపు తిరిగానో లేదో లోపల నుంచి ఏడుపు మొదలు. తర్వాత దగ్గు. టీచర్ గారు బయటికొచ్చి, నా చీర చూసి, నవ్వాపుకుని కోప్పడ్డారు.

"రాజకుమారీ, ఇరవై ఏళ్ళ చేపల వాసన ఒక పూట కుంకుడుకాయకి పోతుందా? వెళ్ళు. వాడు ఊపిరి తీసుకోలేకపోతున్నాడు."

అట్నుంచటే మోపిదేవి గుడికి పోయి స్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చాను. దణ్ణానికి వాసన అడ్డం రాదు.

మార్చి 30

ఉగాది పచ్చడి జెల్లగాడికి కూడా పెట్టారట. మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. డాక్టరమ్మ గుడ్డు పెట్టమన్నారు గనక గేటు అవతల ఆకులో పెట్టి, వాడు తినేదాకా ఆయన అటు తిరిగి నిలబడుతున్నారట. పేపరు కూడా చదివి వినిపిస్తున్నారు. "రాజకీయం చదివితే నిద్రపోతాడమ్మా. ఆరోగ్యానికి మంచిది" అన్నారు.

పగలబడి నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఇంకాసేపు నవ్వాను.

ఏప్రిల్ 21

చేపలు గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. ఏడుకొండలు ఇంటి దగ్గరే వలలు బాగుచేస్తున్నాడు. నేను ఎండుచేపలు అమ్ముతూ తిరుగుతున్నాను. బండి మీద గొంతు చించుకుని అరవాల్సి వస్తోంది. అమ్మేదాని కంటే పెదవులు ఎత్తేది ఎక్కువైంది. ఏ ఇంట్లో కుక్క కనపడినా కూర్చుని చిగుళ్ళు చూస్తున్నాను. ఒక ఇంట్లో పిల్లకుక్కకి ఒళ్ళంతా సన్నం, పొట్ట కుండంత. తెల్లగా సేమియాలాంటివి కక్కిందట. పాలు ఎక్కువయ్యాయి అంటున్నారు. ఇంకో ఇంట్లో చిగుళ్ళు సున్నంలా ఉన్నాయి, విరేచనం నల్లగా. ఎండదెబ్బ అంటున్నారు. అందరికీ ఒకే మాట చెప్పాను.

"నీ తెలివి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పో. ఎవర్ని చూసి చెప్తున్నానో నాకు తెలుసు."

మే 11

టీచర్ గారు ఇంక రావచ్చన్నారు. ఒక్కటే షరతు. వాడితో మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, వచ్చి కుర్చీలో కూర్చోవాలి. వాడు లేస్తే "కూర్చో నాయనా" అని ఆవిడే చెబుతారు.

వెళ్ళాను. కూర్చున్నాను. వాడు వణికిపోయాడు. లేవబోతే ఆవిడ "కూర్చో నాయనా" అన్నారు, కూర్చున్నాడు. నోరు తెరవకుండా గంటసేపు కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు. బడిలో కూడా కూర్చోలేదని టీచర్ గారే అన్నారు. చివరికి వాడు మెల్లగా జరిగి వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించాడు. అంతే. అదే ఎక్కువ.

జూన్ 22

నిషేధం అయిపోయి పడవలు మళ్ళీ వేటకి పోతున్నాయి. ఒళ్ళు వచ్చింది జెల్లగాడికి. పెరుగన్నం ఒళ్ళు.

ఆగస్టు 17

చిగుళ్ళు ఎర్రబడ్డాయి. నేనే ఎత్తి చూశాను. పొద్దున పట్టిన చేప మొప్పంత ఎరుపు.

అక్టోబర్ 24

మాధవి గారు రక్తం చూశారు, కిట్టుతో పరీక్ష చేశారు, పెద్ద ఆసుపత్రికి పంపి గుండె స్కాన్ తీయించారు. పురుగు లేదు. నెలనెలా మందు మాత్రం ఆపకూడదట, దోమలున్నన్నాళ్ళూ.

"పరుగెత్తొచ్చాండీ?" అని అడిగాను.

"మొదట కొంచెం నడిపించండి. వారం పోయాక వాడిష్టం. పరుగెత్తనివ్వండి."

టీచర్ గారు వాడి మెడ నిమిరి గబగబా లోపలికి వెళ్ళిపోయారు. మాస్టారు ఆటో దాకా వచ్చి, పేపరు మడిచి నా చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చుకున్నాం. అత్త దిష్టి తీసింది.

నవంబర్ 2

వారం దాటింది. ఇంకా తాడు విప్పలేదు. కార్తీక మాసం, చేపలు కొనేవాళ్ళు లేరు. వాడు పరుగెత్తి ఎవరికి చెప్పాలి?

నవంబర్ 7

విప్పుదామనుకున్నాను. రోడ్డు మీద తడి ఉంది. జారతాడు.

నవంబర్ 12

మంచు పడుతోంది. ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇది డాక్టరమ్మ చెప్పలేదు కానీ, నాకు తెలుసు.

నవంబర్ 17

వాడు తాడుకున్నంత మేర నడిచి, ఆగి, నా వంక చూశాడు. అడగలేదు. వెనక్కి వచ్చి పడుకున్నాడు. అడిగి ఉంటే బాగుండేది.

ఏడుకొండలు ఊరికే ఉండలేదు.

"రోగం కుక్కకి తగ్గి నీకు పట్టిందే."

"పడిపోయింది నీ కళ్ళ ముందా, నా కళ్ళ ముందా?"

"నీ కళ్ళ ముందే. పడిపోతాడని కట్టేస్తే, వాడు బతికింది దేనికే?"

నేను లేచి వెళ్ళి ఖాళీ బుట్ట కడిగాను.

నవంబర్ 21

పోలి పాడ్యమి, కార్తీకం వెళ్ళిపోయింది. తెల్లవారుజామునే ఆడవాళ్ళు దీపాలు వదిలి వచ్చేశారు, నెలంతా నోరు కట్టుకున్న ఊళ్ళన్నీ చేపల కోసం చూస్తుంటాయి. బుట్ట నిండా పండుగప్పలు, బొంత చేపలు. బండి బయట పెట్టి, వాడి తాడు విప్పాను.

కదల్లేదు. బండి స్టార్ట్ చేశాను. చెవులు నిక్కాయి, ఒళ్ళంతా వణికింది, అయినా కూర్చునే ఉన్నాడు. తొమ్మిది నెలలు అందరం కలిసి కూర్చోవడం నేర్పాం. నా వైపే చూస్తున్నాడు. లేవమని నేను చెప్పాలి. నేనే చెప్పాలి. చెప్పాక వాడు పడిపోతే ఆ మాట చెప్పిన నోరు కూడా నాదే. భయమేసింది. ఇంత భయం నాకు ఏడుకొండలు తుఫానులో చిక్కుకున్నప్పుడు వేసింది, మళ్ళీ ఇవాళే.

"పదరా" అన్నాను. బండి చప్పుడులో కలిసిపోయింది. ఇంకోసారి అన్నాను.

లేచాడు. ఒక్క క్షణం నడిచాడు, తర్వాత నడక లేదు, పరుగే. నేను బండి నడుపుతూ రోడ్డు చూడలేదు, వాడి పక్కటెముకలే చూశాను. వంతెన ఎక్కాడు, దిగాడు, మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. నేను ఎంత రైజ్ చేసినా ఆ పాత బండి అంతకంటే పోదు.

మలుపు తిరిగేసరికి నాంచారమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "వచ్చి చెప్పి పోయాడే నీ కుక్క. నువ్వేంటి ఇంత ఆలస్యం?" అంది. నా మొహం చూసి, ఏమైందే అంది. ఏం లేదు, ఎన్ని కావాలో చెప్పు అన్నాను. చెప్పింది. నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పింది. చెయ్యి ఎత్తి ఉండమన్నాను.

అవతల వీధిలో ఎవరి గుమ్మం ముందో మొరుగుతున్నాడు. మొత్తం విన్నాను. ఎక్కడా దగ్గు కలవలేదు.